గోడవతలి దగ్గు

హాస్టలు, ఆఫీసు గది
ఆదివారం

అక్కకి,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను హాల్లో ఉంది. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఇక్కడ గోడల దాకా అక్కర్లేదు, మేడ మీది గదిలో బ్యాంకావిడ ఉంది. నేను రిసీవరు ఎత్తితే చాలు, ఆవిడకి హాల్లో కూర్చుని పేపరు చదవాలనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ చలికాలం ఫ్లూ మా ఆడవాళ్ళ హాస్టలు మీద పగబట్టింది. మేడ మీద ఏ గది తలుపు తీసినా ఒకరు దుప్పటి ముసుగేసుకుని కనిపిస్తున్నారు. అయితే చాలామంది నాలుగైదు రోజులు మూలిగి, లేచి పనుల్లోకి వెళ్ళిపోతున్నారు. బ్యాంకావిడ కూడా పొరుగూళ్ళో ఏదో శిక్షణకి వెళ్ళి ముక్కు కారుతూ దిగింది. తనది ఫ్లూ కాదుట, అక్కడి ఏసీ పడలేదుట.

లేవనిది ఒక్కతే. కొత్తగా చేరిన పిల్ల. కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగించే పని. ఇంట్లో అందరూ కళ్ళద్దాల పిల్లనే అంటారు. మేడ మీదే వెనకవైపు నా గదిని ఆనుకున్న చిన్నగది ఇచ్చాను. అందరికంటే ముందు జ్వరం పట్టింది తనకే. పొడి దగ్గు, తల పగిలిపోతోందని గోడకి ఆనించుకుని కూర్చుంటుంది. ఆ పిల్ల వచ్చింది, వెనకే జబ్బు వచ్చింది అని అందరూ అంటున్నారు. నాకూ అదే అనిపిస్తోంది. ఇదివరకటి హాస్టలు ఎందుకు వదిలేశావంటే నేలచూపులు చూస్తుంది. ఏం మందు వేసుకుంటున్నావంటే డబ్బా దిండు కిందకి తోసేస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదు కదక్కా.

ఏం చెయ్యమంటావో రాయి. నువ్వు పని మానుకుని రానక్కర్లేదు. బావగారిని కూడా శ్రమపడొద్దను. ఈ హాస్టలు ఇల్లు ఆయన నాకు అప్పగించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

నీ చెల్లి


ఛాతీ జబ్బుల వార్డు, డాక్టర్ల గది
గురువారం

చెల్లికి,

ఇక్కడ వరండాలో కూడా మంచాలు వేశాం. ఈ సీజన్లో పెద్ద ప్రమాదం ఫ్లూ కాదు, ప్రతిదాన్నీ ఫ్లూ అనుకోవడం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద తెల్లమచ్చ కనిపిస్తే చాలు, ఫ్లూ వల్ల వచ్చిన న్యుమోనియా అని రాసేసి పక్క మంచానికి వెళ్ళిపోతున్నారు. నేనూ కొన్నిసార్లు అదే చేస్తున్నాను. తీరిక లేదు.

ఆ పిల్లని వేరుగా ఉంచు. కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చెయ్యి. గదిలో గాలి ఆడనివ్వు, కిటికీ తెరిచి ఉంచు. రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే, ఊపిరి బరువైతే ఆసుపత్రికి పంపు. ఇది ఎవరికైనా చెప్పే మాటే, ఆ పిల్ల మీద అనుమానంతో చెప్పింది కాదు.

ఇంకొకటి. నేను వస్తానని అనలేదు, ఆయన వస్తారనీ అనలేదు. అడక్కుండానే ఇద్దర్నీ ఎందుకు రావద్దన్నావు?

అక్క


హాస్టలు, ఆఫీసు గది
బుధవారం

అక్కా,

నువ్వు ఉత్తరం కూడా ఎక్స్‌రే చూసినట్టే చదువుతావు. దూరం కదా, శ్రమ కదా అని రాశాను. అంతే.

నువ్వు చెప్పినట్టే చేశాను. కంచం గది గుమ్మం బయట పెట్టించాను, కిటికీ రెక్కలు రెండూ తీయించాను. అయినా జ్వరం దిగలేదు. ఈలోగా బ్యాంకావిడ ఆ పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు దిండు కింద డబ్బా తీసి చూసింది. అవి క్షయకి వేసే మాత్రలని ఇంటిల్లిపాదికీ చాటింది. నువ్వెలా పోల్చావని అడిగితే, వాళ్ళ బ్యాంకు మేనేజరు బావమరిది వేసుకునేవాట్ట, అచ్చం అదే రంగుట. ఇంకేముంది, ఆ పిల్ల వాడిన బాత్రూములోకి ఎవరూ వెళ్ళరు. ఇక్కడుండే టీచర్లిద్దరూ, ఆ పిల్ల ఉంటే మేము వెళ్ళిపోతామన్నారు.

నిన్న నేనే వెళ్ళి గది ఖాళీ చెయ్యమన్నాను. అప్పుడు ఆ పిల్ల నా వైపు చూసి, "జబ్బు నేను తెచ్చానని మీకెవరు చెప్పారు? ఇక్కడికి వచ్చినప్పుడు నేను బాగానే ఉన్నానండీ" అంది. ఎదురు చెప్పే ఓపిక ఉన్నవాళ్ళకి అంత జబ్బేమీ ఉండదులే అనుకున్నాను. తీరా పెట్టె పట్టుకుని మెట్లు దిగుతూ సగంలో కూలబడిపోయింది.

మీ ఆసుపత్రికే పంపిస్తున్నాను. పెట్టె ఇక్కడే ఉంది. క్షయ అయితే వెంటనే రాయి, గదికి సున్నం కొట్టించాలి.

చెల్లి


ఛాతీ జబ్బుల వార్డు
ఆదివారం

చెల్లికి,

ఆ పిల్ల నా వార్డులోనే ఉంది, ఆక్సిజన్ మీద. క్షయ కాదు. కఫం పదే పదే చూశాం, లేదు. దిండు కింద మాత్రలు మామూలు తలనొప్పి మాత్రలు. రోజుకి ఎన్ని మింగుతోందో మీకు తెలిస్తే పని చెయ్యలేదని వెళ్ళగొడతారని దాచిందట. పాత హాస్టలు ఎందుకు వదిలిందో నాకు చెప్పింది. దాని యజమాని చీకటి పడ్డాక అమ్మాయిల గదుల తలుపులు కొట్టేవాడట. నేలచూపులు చూడక ఏం చేస్తుంది?

అసలు సంగతి ఇది. తనది ఫ్లూ కూడా కాదు. ముక్కులోంచి తీసిన నమూనాలో ఫ్లూ లేదు. మామూలు న్యుమోనియాకి ఇచ్చే ఇంజక్షన్లు ఇస్తున్నాం, జ్వరం చలించడం లేదు. ఎక్స్‌రేలో మచ్చ నిన్నటికంటే పెరిగింది. జ్వరం అంత ఉన్నా నాడి నింపాదిగా కొట్టుకుంటోంది. ఇవన్నీ కలిపి చూస్తే, మామూలుగా మేం వెతికే క్రిమి కాదిది. ఎక్కడి నుంచో పీల్చుకుంది. ఆ చోటు నీ ఇల్లయినా కావాలి, తన షాపయినా కావాలి. షాపులో ఎవరూ జబ్బు పడలేదని ఫోన్ చేసి కనుక్కున్నాను.

కాబట్టి అడుగుతున్నాను. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారు? ఇంట్లో తవ్వకాలూ గోడలు పడగొట్టడాలూ ఏమైనా జరిగాయా? జంతువులు గానీ పక్షులు గానీ ఉన్నాయా? నీకు తోచింది కాదు, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ జవాబుని బట్టి మందు మార్చాలి.

అక్క


హాస్టలు, ఆఫీసు గది
బుధవారం

అక్కా,

క్షయ కాదని అందరికీ చెప్పాను. బ్యాంకావిడ, "డాక్టర్లు అన్నీ చెప్తారా" అని పెదవి విరిచింది.

ట్యాంకు వానలు వెనకబట్టగానే కడిగించాను. తవ్వకాలు లేవు. జంతువులూ పక్షులూ అంటావా, అవేవీ పెంచకూడదని బావగారు పెట్టిన రూలు గుమ్మంలోనే బోర్డు మీద ఉంది. పోయినేడాది పిల్లిపిల్లని తెచ్చుకుందని ఒకమ్మాయిని ఆ రోజే ఖాళీ చేయించాను, వీధంతా నన్ను రాక్షసి అంది. అలాంటి ఇంట్లో పిట్టలెక్కడివి?

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడు వంటావిడ పడింది. ఫ్లూ వచ్చింది, తగ్గింది, లేచి పొయ్యి దగ్గరికి కూడా వచ్చింది. ఉన్నట్టుండి మళ్ళీ చలి జ్వరం, పక్కలో పోటు, తుప్పురంగు కఫం. ఇక్కడి ఆసుపత్రిలో చేర్పించి, వాళ్ళు తీసిన నమూనాలు మీకు పంపమన్నాను. ఆ పిల్లకి కంచం తీసుకెళ్ళి పెట్టింది వంటావిడే కదా అని ఇక్కడ అందరూ గుసగుసలు. నువ్వేమో ఆ పిల్ల అమాయకురాలంటావు. నన్నేమో ముద్దాయిని నిలబెట్టినట్టు నిలబెట్టి ప్రశ్నలేస్తున్నావు.

నాకూ ఒళ్ళు బాగాలేదు. తలనొప్పి. పనెక్కువై.

చెల్లి


ఛాతీ జబ్బుల వార్డు, డాక్టర్ల గది
శనివారం

చెల్లికి,

ముందు వంటావిడ సంగతి. ఆవిడది ఫ్లూయే. ఫ్లూ తగ్గుముఖం పట్టాక, దెబ్బతిన్న ఊపిరితిత్తిలో మామూలు న్యుమోనియా క్రిమి చేరింది. ఈ సీజన్లో పెద్దవయసు వాళ్ళకి ఇది తరచూ జరిగేదే. మామూలు ఇంజక్షన్లకే దిగుతోందని అక్కడి డాక్టరు చెప్పారు. కళ్ళద్దాల పిల్లకి ఫ్లూ లేనే లేదు. లేని జబ్బుని ఆవిడకి ఎలా అంటిస్తుంది? మీ ఇంట్లో ఒకే జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకడం లేదు. రెండు వేరు వేరు జబ్బులు ఒకే గుమ్మంలోంచి నడుస్తున్నాయి. ఇది గుసగుసలాడేవాళ్ళకి చదివి వినిపించు.

ఇక రెండోది. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నిన్న ఆ పిల్లకి జ్వరం కాస్త జారినప్పుడు నన్ను పిలిచి, "వార్డెను గారి గదిలో ఆయనకి దగ్గు తగ్గిందాండీ?" అని అడిగింది. ఏ ఆయన అన్నాను. అనకూడని మాట అన్నట్టు దుప్పటి లాక్కుంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గోడవతల మగగొంతు వినిపిస్తుందట. దగ్గు వినిపిస్తుందట. నువ్వు ఆయన్ని తినమని బతిమాలడం కూడా విందట. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసుట, నీ ముఖాన ఎవరూ అనలేదుట.

నువ్వు పసిపిల్లవి కావు. నీ గదిలో ఎవరున్నారో అడగడానికి నేనెవర్ని? అక్కగా అడగను. డాక్టరుగా అడుగుతున్నాను. దగ్గే మనిషి ఒకడు ఆ పిల్ల గోడ పక్కనే ఉంటే అతన్ని పరీక్షించాలి. ఎవరైనా సరే, పెళ్ళైనవాడైనా, పారిపోయి వచ్చినవాడైనా నాకు పట్టింపు లేదు. పేరు కూడా రాయక్కర్లేదు. పంపించు చాలు.

నన్నూ మీ బావనీ రావద్దనడానికి కారణం ఇదేనా?

అక్క


హాస్టలు
సోమవారం

డాక్టరుగారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళు ఒంటరిగా ఇంత ఇల్లు నడిపిన మనిషి గురించి, వారాల తరబడి జ్వరంలో ఉన్న పిల్ల ఏదో కలవరిస్తే అది మీకు సాక్ష్యమైంది. బ్యాంకావిడ నయం. ఆవిడ దిండు కిందే వెతికింది, మీరు మంచం మీద వెతుకుతున్నారు.

నా గదిలో ఏ మగాడూ లేడు. ఒట్టు పెట్టమంటే పెడతాను.

ఇక ఈ విషయమై నాకు ఉత్తరాలు రాయవద్దు.

వార్డెను


ఛాతీ జబ్బుల వార్డు
గురువారం

చెల్లీ,

కోపం తర్వాత. ముందు ఇది చదువు, నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చూశాను. పక్షులు ఉన్నాయా అని అడిగితే నువ్వు "లేవు" అని రాయలేదు. "పిట్టలెక్కడివి" అని నన్నే తిరిగి అడిగావు. చిన్నప్పటి నుంచీ అంతే, నీకు అబద్ధం రాయడం చేతకాదు. మగాడు లేడని మాత్రం ఒట్టుపెట్టి మరీ రాశావు. అంటే అది నిజం. అయితే ఆ గొంతు ఎవరిది?

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఏమంటాడమ్మా అని అడిగాను. "వచ్చావా? కూర్చో. అయిపోయింది" అంటాడుట. ఇంకేమీ అనడుట. రోజూ ఆ మూడు మాటలే. మూడే మాటలు మాట్లాడి ఊరుకునే మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దగ్గు ఎలా ఉంటుందంటే దగ్గి చూపించింది. మూడు పొడి దగ్గులు, చివర గొంతు సవరింపు. ఈ మధ్య పెరిగిందా, తగ్గిందా, కఫం పడుతున్నట్టుందా అని అడిగాను. లేదుట, చేరిన రోజు ఎలా ఉందో అలాగే ఉందిట. నా జీవితమంతా దగ్గులు వినడంతోనే గడిచింది. జబ్బు దగ్గు రోజుకో రకంగా మారుతుంది. మారని దగ్గు జబ్బు కాదు, కంఠస్థం చేసింది.

నీ గదిలో చిలక ఉంది. అవునా?

నీ జవాబు కోసం ఆగలేదు. చిలకల రెట్ట ఎండి దుమ్మైతే, ఆ దుమ్ము పీల్చినవాళ్ళకి ఒక రకం న్యుమోనియా వస్తుంది. తలనొప్పి, పొడిదగ్గు, దిగని జ్వరం. మేం ఇస్తున్న ఇంజక్షన్లు దానికి పనిచెయ్యవు. దానికి మందు వేరే ఉంది. మంగళవారం రాత్రే ఆ పిల్లకి మొదలుపెట్టాను. నిన్న సాయంత్రానికి జ్వరం దిగడం మొదలైంది, ఈ పూట లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది. నేను అడిగిన వెంటనే నువ్వు నిజం రాసి ఉంటే నాలుగు రోజుల ముందే కూర్చునేది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కూర్చునేదే కాదు.

నీ పోయిన ఉత్తరంలో అక్షరాలు గీత దిగి వాలిపోయాయి. తలనొప్పి పనెక్కువై వచ్చింది కాదు. ఈ ఉత్తరం తెచ్చిన అంబులెన్సు డ్రైవరు చేతిలో మందు ఉంది. ఇప్పుడే ఆయన ముందే మొదటి మాత్ర మింగు. ఊపిరి ఏమాత్రం బరువుగా ఉన్నా అదే బండిలో వచ్చెయ్యి. ఆ పంజరం జోలికి వెళ్ళకు.

అక్క


హాస్టలు, నా గది
గురువారమే

అక్కా,

డ్రైవరు కింద హాల్లో కూర్చున్నాడు. మాత్ర మింగాను. ఊపిరి బాగానే ఆడుతోంది, జ్వరమే. ఆయన వెళ్ళేలోపు రాస్తున్నాను.

చిలక ఉంది.

వీధి మలుపులో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. నీకు తెలియదు, చెప్పలేదు. ఒకసారి నా వాచీ ఆగిపోతే తీసుకెళ్ళాను. బాగుచేశాడు. తర్వాత కూడా తీసుకెళ్ళేదాన్ని, బాగానే నడుస్తున్నా. నన్ను చూడగానే "వచ్చావా? కూర్చో" అనేవాడు. గంటసేపు కూర్చోబెట్టి, అడక్కుండానే "అయిపోయింది, అయిపోయింది" అనేవాడు. అయ్యేది కాదు. నాకూ కావాలని లేదు. పెళ్ళనే మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఈ వయసులో అంటే నవ్వుతారని ఆయన అనుకున్నాడేమో. నేనైతే అదే అనుకున్నాను.

ఎండాకాలంలో ఎవరో అమ్ముతుంటే ఆ చిలకని కొన్నాడు. బల్ల పక్కనే పంజరం. అది వచ్చినప్పటి నుంచే ముడుచుకుని ఉండేది, ఈకలు రాలేవి. వానలు వెనకబట్టాక ఆయనకి దగ్గు పట్టుకుంది. ఆసుపత్రికి వెళ్తే, వయసు మీదపడింది, ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నేను చూడ్డానికి వెళ్తే, మీరేమవుతారని అడిగారు. ఏమవుతానని చెప్పను? బయటే నిలబడి వచ్చేశాను. ఆయన చుట్టాలు వచ్చి షాపు సామాను పట్టుకెళ్ళిపోయారు. పంజరం మెట్టు మీద వదిలేశారు. నేను దాటి వస్తుంటే వెనకనుంచి "వచ్చావా?" అంది. ఆయన గొంతే. చివర ఆ దగ్గు కూడా ఆయనదే.

ఎలా వదిలేసి రానక్కా?

పిల్లిపిల్లకి ఒకమ్మాయిని వెళ్ళగొట్టినదాన్ని. కంచే చేను మేసిందని ఊరంతా అంటుందని గుడ్డ కప్పి, రేడియో పెట్టి దాచాను. పంజరం అడుగు పళ్ళేన్ని వెనక వసారాలో దులిపేదాన్ని. ఇప్పుడు వెళ్ళి చూసొచ్చాను. దాని పక్కనే ఆ పిల్ల కిటికీ. గాలి ఆడాలని నువ్వు తీయమన్నావు, నేను రెక్కలు రెండూ తీయించాను.

డ్రైవరు పిలుస్తున్నాడు.

చెల్లి


ఛాతీ జబ్బుల వార్డు, డాక్టర్ల గది
మంగళవారం

చెల్లికి,

నీ జ్వరం దిగిందని టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. మందు మానకు. తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

నేను పంపితే గుడ్డ కప్పి చిలకని తీసుకెళ్ళిన పశువైద్యుడు పరీక్ష చేయించాడు, అదే జబ్బు. దానికీ మందు పెడుతున్నాడు, బతకొచ్చు అన్నాడు. మీ ఆయన, అలా రాస్తే ఏమనుకోకు, ఆయన కూడా ఈ జబ్బుతోనే పోయాడా అని నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. అయ్యుండొచ్చు. అప్పుడు ఎవరూ పరీక్ష చెయ్యలేదు, ఇప్పుడు చెప్పలేం. తెలియదన్నదే నిజం. వంటావిడ జబ్బు మాత్రం చిలక నెత్తిన వెయ్యకు. ఫ్లూ ఇంట్లోకి ఎవరు తెచ్చారని వెతకడం మొదలుపెడితే, శిక్షణ నుంచి ముక్కు కారుతూ దిగిన వాళ్ళ దగ్గరికి వెళ్తాం. అది కూడా వద్దు. బ్యాంకావిడ ఒక దిండు కింద వెతికింది చాలు.

ఆ పిల్లని వేరుగా పెట్టమని రాసింది నేను. ఫ్లూ అనుకుని రాశాను, చూడకుండా రాశాను. నీ గదిలో ఒక మగాణ్ణి ఊహించుకుని, వాడికోసం మూడు రోజులు వెతికింది కూడా నేనే. నువ్వు రాసిన ఆ ఉత్తరం నాకు తగినదే.

మీ బావకి చెప్పాను. కాసేపు మీసం దువ్వుకుని, "నా రూలు నాకంటే మీ చెల్లెలే గట్టిగా పాటిస్తోందనుకున్నానే" అన్నారు. అంతే. 

కళ్ళద్దాల పిల్లని రేపు ఇంటికి పంపుతున్నాను. తన జబ్బు దేనివల్ల వచ్చిందో తెలుసుకునే హక్కు తనకి ఉంది. చెప్పేశాను. ఏడవలేదు, తిట్టలేదు. "ఆవిడకి తగ్గిందా?" అని మాత్రం అడిగింది. పెట్టె తీసుకోవడానికి వస్తుంది. తను వచ్చేసరికి ఇంట్లోవాళ్ళకి ఎవరి నోటితో తెలియాలో నువ్వే ఆలోచించుకో.

అక్క


హాస్టలు, ఆఫీసు గది
శుక్రవారం

అక్కా,

నువ్వు ఆలోచించుకోమన్నావు. రెండు రోజులు ఆలోచించాను. అసలు ఆలోచించింది ఎలా చెప్పకుండా తప్పించుకోవాలా అనే.

నిన్న సాయంత్రం అందర్నీ భోజనాల గదిలో కూర్చోమన్నాను. వంటావిడ ఇంకా నీరసంగా ఉంది, గోడ పక్కన కుర్చీ వేశాం. నేను నిలబడి చెప్పాను. మొన్నటిదాకా ఈ ఇంట్లో చిలక ఉండేది, అది నాది. మీరంతా అనుకున్న మగగొంతు దానిదే. కళ్ళద్దాల పిల్లకి జబ్బు నా గదిలోంచి వచ్చింది, తను తేలేదు. అందరికంటే ముందు తనే ఎందుకు పడిందంటే, చిలకకి అందరికంటే దగ్గర గది నేను తనకిచ్చాను కాబట్టి. డాక్టరు పక్షులున్నాయా అని అడిగితే నేను దాచాను. గడియారాల ఆయన సంగతి చెప్పలేదు. అది వాళ్ళది కాదు.

ఒకమ్మాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళింది. బ్యాంకావిడ, "నేను ముందే అన్నాను, ఏదో ఉందని" అంది. టీచర్లలో ఒకావిడ మాత్రం, "మరి మనం ఆ అమ్మాయి వాడిన బాత్రూములోకి కూడా వెళ్ళలేదు కదా" అంది. ఆ మాటకి బ్యాంకావిడ తల దించుకుంది. నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఇద్దరు చెప్పారు. సరే అన్నాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉందక్కా. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. చిక్కి సగమైంది. అందరూ ఆ వైపు తిరిగేసరికి నేనూ తిరిగాను. ఎంతో చెప్పాలనుకున్నాను. చిలక వల్ల, తెలియక, అని ఏదో నత్తి నత్తిగా మొదలుపెట్టాను.

ఆపింది. నింపాదిగానే అంది.

"మీ చిలక వల్ల నాకు జబ్బు చేసిందండీ. అది దానికి తెలియదు. నన్ను మెట్ల మీదికి పంపింది మాత్రం చిలక కాదు."

తన దగ్గర తిట్లుంటే పడేదాన్ని. అవీ లేవు.

గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకుంది. సాయం చెయ్యనా అంటే వద్దంది. బయటికి తెచ్చేసరికి ఆయాసపడుతోంది. అడక్కుండా ఒక పక్క పిడి నేను పట్టుకున్నాను. నా చేతికేసి చూసింది, పెట్టె మాత్రం లాక్కోలేదు. నాకూ ఇంకా కాళ్ళలో బలం రాలేదు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, నాలుగు అడుగులకోసారి దింపుతూ, మెట్లు దిగి, వీధి దాటి బస్సు స్టాపు దాకా మోశాం.

బస్సు వచ్చేముందు, ఇప్పుడెక్కడ ఉంటున్నావని అడిగాను. చెప్పలేదు. చెప్పదని తెలుసు. బస్సెక్కి, పెట్టె లోపలికి లాక్కుని, కండక్టరు విజిలు వేశాక, నా వైపు చూడకుండానే అంది.

"షాపు ఎక్కడుందో మీకు తెలుసుగా."

చెల్లి